పెసలు నానితేనే పరుగు: నా వంటింటి డైరీ

3 మార్చి 2025, సోమవారం

ఫిబ్రవరిలో బయటి నుంచి ఎన్నిసార్లు తెప్పించుకుని తిన్నామో ఫోన్‌లో చూసి లెక్కపెట్టాను. 19 సార్లు. అందులో 14 రాత్రి తొమ్మిది దాటాక తెప్పించినవే. ఆకలేసి, ఓపిక లేక, ఏదో ఒకటిలే అనుకుని నొక్కినవి. డబ్బు సంగతి అలా ఉంచితే, ఆ 14 రాత్రుల మర్నాడు ఒక్కరోజు కూడా నేను పొద్దున నడకకు వెళ్లలేదు. రెండు లెక్కలూ ఒకే కాగితం మీద పక్కపక్కన రాసుకునేదాకా ఈ సంగతి నాకు తట్టలేదు.

మా ఇల్లు తార్నాకలో, ఆఫీసు మాదాపూర్‌లో. మెట్రోకి అటూ ఇటూ నడకతో కలిపి గంటా పది నిమిషాలు పడుతుంది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని. వారంలో మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇంటి నుంచి. అమెరికా వాళ్లతో కాల్ రాత్రి ఎనిమిదిన్నరకు మొదలవుతుంది, తొమ్మిదిన్నర దాకా నడుస్తుంది. ఇంట్లో ఆయన, ఎనిమిదో తరగతి చదివే పాప, జనగామ నుంచి వచ్చి మాతోనే ఉంటున్న అత్తమ్మ.

ప్రాజెక్టు ఇదీ: 20 వారాల్లో ఆగకుండా పది కిలోమీటర్లు పరుగెత్తగలగాలి. మంగళ, గురు, ఆదివారాలు పరుగు. ఆఫీసు రోజుల్లో ఇంటి డబ్బా, రాత్రి భోజనం ఇంట్లో వండిందే. బరువు మాత్రం ఈ డైరీలో రాయను. నాకు కావలసింది సాయంత్రం ఇంటికొచ్చాక పాపతో కూర్చుని మాట్లాడే ఓపిక.

"రెండూ ఒకేసారి ఎందుకు, ముందు ఒకటి కుదరనీ" అన్నారు ఆయన. ఒక్కొక్కటిగా రెండూ ఇదివరకే మొదలుపెట్టి వదిలేశాను. పరుగు మొదలుపెడితే తిండి సరిపోక నీరసం, వంట మొదలుపెడితే పొద్దున టైం లేక పరుగు బంద్. అందుకే ఈసారి రెండింటికీ కలిపి ఒకే టైంటేబుల్.

9 మార్చి, ఆదివారం

మొదటి వారం మూడు పరుగుల్లో రెండే అయ్యాయి.

పరుగెత్తేది ఉస్మానియా క్యాంపస్‌లో. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక, అలా పది సార్లు. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే వెళ్లాలని పెట్టుకున్నాను. ఆయాసంతో మాట తెగిందంటే వేగం ఎక్కువైనట్టే. ఈ వేగంతో వెళ్తుంటే వాకింగ్‌కు వచ్చిన పెద్దవాళ్లు కొందరు నన్ను దాటిపోయారు. పర్వాలేదు. ఆర్ట్స్ కాలేజీ ముందుకు వచ్చేసరికి తెల్లవారుతోంది. 1939లో తెరిచిన ఆ రాతి కట్టడం మీద మొదటి వెలుగు పడి, బూడిదరంగు రాయి మెల్లగా గులాబీ రంగులోకి తిరుగుతుంటే నిలబడిపోయాను. ఎమ్మెస్సీ రెండేళ్లూ ఈ దారినే తిరిగాను, ఒక్కరోజూ ఈ వేళకు చూడలేదు.

గురువారం పరుగు పోవడానికి కారణం వంట. మంగళవారం 4:45కి లేచి, పరుగెత్తి 6:10కి ఇల్లు చేరి, అప్పుడు మొదలుపెట్టాను: టిఫిన్, చట్నీ, కూర తరగడం, పప్పు, అన్నం, మూడు డబ్బాలు. 8:15కి ఇంట్లోంచి బయటపడ్డాను, ఏమీ తినకుండానే. మెట్రోలో అమీర్‌పేట దాకా నిలబడే ఉన్నాను, కళ్లు తిరిగాయి. బుధవారం రాత్రి ఆ పొద్దుటిని తలుచుకుంటేనే భయమేసి అలారం తీసేశాను.

పొద్దుట్లో పరుగుకో, వంటకో చోటుంది. రెండింటికీ లేదు.

16 మార్చి, ఆదివారం

వంటలో సగం రాత్రికి మార్చాను. ఈ వారం మూడు పరుగులూ అయ్యాయి.

చేసిందల్లా, ఎనిమిదిన్నర కాల్‌కు ముందు 20 నిమిషాలు వంటింటికి ఇవ్వడం. 8:10కి ఒకటిన్నర గ్లాసు పెసలు, గుప్పెడు బియ్యం కడిగి నానబెట్టడం. మర్నాటి కూర తరిగి, మూతున్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టడం. కందిపప్పు కొలిచి కుక్కర్ గిన్నెలో పోసి ఉంచడం. షూస్, బట్టలు, వాచ్ తలుపు దగ్గర పెట్టడం. అంతే.

పరుగు నుంచి వచ్చాక స్నానానికి వెళ్లేముందు కుక్కర్ పెడతాను. నానిన పెసలు, అల్లం ముక్క, మూడు పచ్చిమిర్చి, జీలకర్ర, ఉప్పు మిక్సీలో వేస్తే నాలుగు నిమిషాల్లో పిండి రెడీ. మినప్పిండిలా పులియాల్సిన పని లేదు కాబట్టి రాత్రి నానితే చాలు. 100 గ్రాముల పెసల్లో 22 నుంచి 24 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. పరుగెత్తి వచ్చిన ఒంటికి ఇంతకంటే సులువైన టిఫిన్ నాకు తెలియదు. 7:20కి నలుగురం తినేసి ఉన్నాం.

ఇంకో సంగతి కూడా గమనించాను. బుధవారం రాత్రి పడుకోబోతూ, రేపు లేవగలనా అనిపించింది. లేచి వంటింట్లోకి వెళ్తే గిన్నెలో పెసలు ఉబ్బి ఉన్నాయి. ఇవి రుబ్బాలి కదా, ఎలాగూ లేవాలి కదా అనుకుని పడుకున్నాను. అలారం కంటే ఆ గిన్నే నన్ను ఎక్కువ లేపింది.

30 మార్చి, ఉగాది

3 కిలోమీటర్లు, రెండు నిమిషాల పరుగు, ఒక నిమిషం నడక లెక్కన. తిరిగొస్తూ క్యాంపస్ దారిలో వేపపువ్వు ఏరుకొచ్చాను. ఇంటికొచ్చేసరికి అత్తమ్మ చింతపండు పిసికి, బెల్లం కొట్టి సిద్ధంగా ఉన్నారు.

ఎడమ కాలి ముందు ఎముక పొడవునా నొప్పి. గురువారం హుషారెక్కి రెండున్నర కిలోమీటర్ల నుంచి ఒకేసారి ఐదుకు పోయాను, దాని ఫలితం. వారం రోజులు నడకే.

10 ఏప్రిల్, గురువారం

తార్నాకలో మా ఇంటికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. ఇన్నేళ్లూ ఆ గేటు ముందు నుంచి ఆటోలో పోవడమే గానీ, వాళ్లు చెప్పేదేమిటో చదవలేదు. 2024లో వాళ్లు ఇచ్చిన ఆహార సూచనల్లో రోజుకు 2,000 కేలరీల పళ్లెం లెక్క ఉంది: ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేదా పెరుగు 300 మిల్లీలీటర్లు.

వంటింటి త్రాసు తీసి మూడు రోజులు మా ఇంటి కూరగాయలు తూచాను. నలుగురికి కలిపి రోజుకు 650 నుంచి 700 గ్రాములు. ఉండాల్సింది కిలో ఆరువందలు! బియ్యం మాత్రం లెక్కకు మించి. రోజూ కూర వండుకునే ఇల్లు కదా, మాకేం తక్కువ అనుకున్నాను ఇన్నాళ్లూ. పెద్ద గిన్నెడు అన్నంలో రెండు గరిటెల కూర కలుపుకుంటే అది కూరగాయలు తిన్నట్టు కాదు.

అన్నం తగ్గించాలంటే రాత్రికి రొట్టె ఉండాలి. నాకు జొన్నరొట్టె చేయడం రాదు. ఈ వారమంతా అత్తమ్మ దగ్గర నేర్చుకున్నాను.

మొదటి రోజు చల్లనీళ్లు పోసి గోధుమపిండిలాగే కలిపాను. పీట మీద తడుతుంటే అంచులన్నీ పగిలిపోయాయి.

"మసిలే నీళ్లు వొయ్యాలె బిడ్డా. జొన్నలకు జిగురుండదు, వేడికే పట్టుకుంటది" అన్నారు అత్తమ్మ.

ఆమె చెప్పిన మాటలో సైన్సంతా ఉంది. గోధుమలో ఉండే గ్లూటెన్ జొన్నలో లేదు. మరిగే నీళ్లు తగిలితే పిండిలోని గంజి పదార్థం కొంత ఉడికి, ఆ బంక పిండిని పట్టి ఉంచుతుంది. పిండి మధ్యలో గుంట చేసి, మసిలే నీళ్లు పోసి, ముందు గరిటెతో కలిపి, చేయి పట్టే వేడికి రాగానే అరచేతి మడమతో నెట్టి నెట్టి పిసకాలి. ఎంత పిసికితే అంత సాఫు. తర్వాత ఒక ముద్దకు సరిపడా మాత్రమే తీసి, పొడి పిండి చల్లి, కుడిచేత్తో తడుతూ ఎడమచేత్తో తిప్పాలి. అత్తమ్మ తడుతుంటే టప్ టప్ టప్ అని ఒకే లయ, రొట్టె దానంతటదే తిరుగుతున్నట్టుంటుంది. పెనం మీద వేయగానే పైవైపు తడి గుడ్డతో నీళ్లు అద్దాలి. ఆ తడి ఆరకముందే తిప్పితే పిండి పెనానికి అంటుకుంటుంది, మరీ ఆరిపోతే పగుళ్లొస్తాయి. మెరుపు పోయి మసకబారిన క్షణంలో తిప్పాలి. తర్వాత నేరుగా మంట మీద పెడితే పొంగుతుంది.

నాది నాలుగో రోజున పొంగింది. పాప ఫోటో తీసి వాళ్ల నాన్నకు ఆఫీసుకు పంపింది.

24 ఏప్రిల్, గురువారం

రెండు వారాలుగా వెనక్కి పోతున్నాను. కాలినొప్పి తగ్గింది. నిద్ర, తిండి బాగానే ఉన్నాయి. కానీ మార్చి చివర్లో హాయిగా చేసిన 3 కిలోమీటర్లకు ఇప్పుడు గుండె దడదడలాడుతోంది. మెట్రో స్టేషన్ మెట్లకే ఆయాసం. ఎండలనుకున్నాను. ఆయన పట్టుబట్టి రక్త పరీక్ష చేయించారు.

హిమోగ్లోబిన్ 9.6. ఆడవాళ్లకు 12 కంటే తక్కువైతే రక్తహీనత కింద లెక్క.

డాక్టరమ్మ రిపోర్టు చూసి మొదట అడిగింది నెలసరి గురించి, తర్వాత అడిగింది టీ గురించి. "భోంచేశాక ఎంతసేపటికి తాగుతారు?" వెంటనే. పన్నెండేళ్లుగా ఆఫీసులో భోజనం అయ్యాక డబ్బా మూతపెట్టి నేరుగా టీ మెషిన్ దగ్గరికే నడుస్తాం, టీమంతా. టీలోని టానిన్లు ఆకుకూరల్లో, పప్పుల్లో ఉండే ఇనుమును ఒంటికి సరిగ్గా పట్టనివ్వవు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా టీ, కాఫీలు వద్దని పోషకాహార సంస్థ సూచనల్లోనూ ఉంది. ఆ పళ్లెం లెక్క రాసుకున్న రోజే ఈ ముక్కా చదివాను, నాకు వర్తించదన్నట్టు పేజీ తిప్పేశాను.

రాత్రి చాలాసేపు బాధపడ్డాను. తోటకూర, గోంగూర, పాలకూర తూచి మరీ వండుతున్నాను. వండినదాన్ని ఒంటికి అందనివ్వకుండా మధ్యాహ్నం రెండింటికి నేనే అడ్డుకుంటున్నాను.

ఇనుము మాత్రలు రాశారు. నిమ్మనీళ్లతో వేసుకోవాలి, పాలతో, టీతో వద్దు. టీ మధ్యాహ్నం మూడున్నరకు మార్చాను. పప్పు దించాక నిమ్మకాయ పిండడం మొదలుపెట్టాను. సి విటమిన్ ఉంటే మొక్కల నుంచి వచ్చే ఇనుము బాగా పడుతుంది, వేడి తగ్గాక పిండితేనే ఆ విటమిన్ నిలుస్తుంది. పరుగు నెల రోజులు ఆపి నడక మాత్రమే. మాత్రలు వేసుకుంటున్నా కదా అని పరుగు కొనసాగించవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు.

నాలాగే పనిచేస్తూ, ఇల్లు చూసుకుంటూ, ఊరికే అలసట అనుకునే ఆడవాళ్లు ఈ డైరీ చదివితే, షూస్ కొనేముందు ఒక్కసారి ఆ పరీక్ష చేయించుకోండి.

18 మే, ఆదివారం

నడకే. పొద్దున ఐదున్నరకే గాలి వేడిగా ఉంటోంది. వచ్చాక అంబలి. రాత్రి రాగి పిండి ఉండకట్టకుండా చల్లనీళ్లలో కలిపి, మరిగే నీళ్లలో పోసి, పది నిమిషాలు తిప్పుతూ ఉడికించి, చల్లారాక మూతపెడతాను. పొద్దునకు కాస్త పులుస్తుంది. పలుచటి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ ముక్కలు. రాగుల్లో కాల్షియం 100 గ్రాములకు 340 మిల్లీగ్రాముల పైనే, నలభైకి దగ్గరవుతున్న నాకు అదీ అవసరమే.

కొత్తావకాయ వచ్చింది. రాత్రి పదింటికి ఆవకాయ అన్నం తిని, పొద్దున నడుస్తుంటే ఛాతీలో మంట. ఆవకాయను మధ్యాహ్నానికి మార్చాను. వదులుకోను.

8 జూన్, మృగశిర కార్తె

ఇవాళ మాలో చేపలు తినాలి. ఆయన పొద్దున్నే బొచ్చె చేప తెచ్చారు, అత్తమ్మ పులుసు పెట్టారు. చేపలో, మాంసంలో ఉండే ఇనుము ఆకుకూరలోదానికంటే తేలిగ్గా ఒంటికి పడుతుందట. డాక్టరమ్మ చెప్పినప్పుడు అత్తమ్మ ముఖంలో వెలుగు చూడాలి.

డాక్టరమ్మ సరేనన్నాక మే ఆఖరి వారం నుంచి మళ్లీ పరుగు. నిన్న రాత్రి వాన పడి తెరిపిచ్చిన నేల మీద ఇవాళ 4 కిలోమీటర్లు, మధ్యలో మూడుసార్లే నడిచాను. చెట్ల కింద పచ్చి మట్టి వాసన. ఏప్రిల్‌లో ఇదే దారిలో నా గుండె నా చెవుల్లో వినిపించేది. ఇవాళ పక్షులు వినిపించాయి.

27 జూన్, శుక్రవారం

హిమోగ్లోబిన్ 11.5. మాత్రలు ఇంకా మూడు నెలలు.

ఇక రిలీజ్ సంగతి. 16 నుంచి 25 దాకా ఆఫీసులో కొత్త వెర్షన్ బయటికి వెళ్లింది. కాల్స్ రాత్రి పదకొండున్నర దాకా సాగాయి. పది రోజుల్లో ఒక్క పరుగు. బయటి నుంచి ఐదుసార్లు తిండి. రాత్రి కాల్‌కు ముందు వంటింటికిచ్చే ఆ ఇరవై నిమిషాలు పోగానే మిగతాదంతా పోయింది: పెసలు నానలేదు, కూర తరగలేదు, పొద్దున లేవలేదు, డబ్బా లేదు.

20వ తేదీ రాత్రి కాల్ అయ్యాక వంటింట్లోకి వచ్చి ఖాళీ గిన్నె చూసి ఏడ్చేశాను. ఆయన లేచి వచ్చారు. "నువ్వు చెప్తే నానబెట్టేవాణ్ని కదా" అన్నారు. నాకు కోపం వచ్చింది. మూడు నెలలుగా రోజూ అదే వేళకు, అదే గిన్నెలో, ఆయన కళ్లముందే నానబెడుతున్నాను. ఇది చెప్పాల్సిన పనా? ఆ మాటే అన్నాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత డబ్బా తీసి, "ఎన్ని గ్లాసులు?" అని అడిగారు.

ఆ ఆదివారం నలుగురం కూర్చుని పంచుకున్నాం. నానబెట్టడం, కూర తరగడం ఆయనవి. రొట్టెలు రెండు రోజులు నావి, మిగతా రోజులు అత్తమ్మవి. ఆమె మోకాళ్లకు ఇబ్బంది లేకుండా స్టవ్ దగ్గర ఎత్తు స్టూల్ వేశాం. పాప ఫ్రిజ్ మీద వారం కూరల పట్టిక రాసి అంటించింది. బుధవారం గడిలో పొట్లకాయ రాసి, పక్కన ఏడుపు ముఖం గీసింది.

ఏమీ కుదరని రాత్రులకు ఒక ఏర్పాటు కూడా: కుక్కర్‌లో కింద పెసరపప్పు, తోటకూర, టమాటా, పై గిన్నెలో బియ్యం, పక్కన నాలుగు గుడ్లు. మూడు విజిల్స్. పైన తాలింపు, నిమ్మకాయ. అరగంటలో నలుగురికి భోజనం, అందులో నేను నిలబడి చేసేది ఎనిమిది నిమిషాలే. ఫోన్‌లో తెప్పించుకుంటే వచ్చేదానికంటే ముందే అవుతుంది.

13 జులై, ఆదివారం

లష్కర్ బోనాలు. ఆడబిడ్డ వాళ్ల ఇల్లు సికింద్రాబాద్‌లోనే, మధ్యాహ్నం నుంచి అక్కడే ఉంటాం కాబట్టి ఐదింటికే బయటపడ్డాను. 8.5 కిలోమీటర్లు, నడక లేకుండా. రెండు ఖర్జూరాలు ముందు, అంబలి తర్వాత. బోనం అన్నం, బెల్లం, మేక మాంసం కూర అన్నీ తిన్నాను. పండగ పూట లెక్కలు రాయను.

20 జులై, ఆదివారం

10 కిలోమీటర్లు. గంటా 19 నిమిషాలు. ఏడో కిలోమీటరు దగ్గర సన్నని జల్లు మొదలై, ఆర్ట్స్ కాలేజీ ముందుకు వచ్చేసరికి పెద్దదైంది. చివరి రెండు వందల మీటర్లు ఆయన, పాప గొడుగు పట్టుకుని పక్కన పరుగెత్తారు. గొడుగు ఎటో పోయింది, ముగ్గురం తడిసిపోయాం. పాప వాచ్‌లో అంకె చూసి పెద్దగా అరిచింది.

ఇంటికొచ్చేసరికి పెసరట్లు. రుబ్బింది అత్తమ్మ, నానబెట్టింది ఆయన. అల్లం కాస్త ఎక్కువైంది, చాలా బాగున్నాయి.

ఇప్పుడు రాత్రి ఎనిమిది. ఇది రాస్తుంటే అత్తమ్మ వంటింట్లోంచి పిలిచారు.

"రేపు ఉరుకుడు లేదు గద బిడ్డా, పెసల్లు నానవెయ్యాల్నా?"

"వెయ్యండి అత్తమ్మా, రేపు ఆఫీసుంది."